తుంగభద్రలో గాలము - ఏటి పంచాంగము
(ఉగాది సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసిన వెంటనే మాట్లాడుట ఎంత కష్టమో మాకు తెలియును. ఆదాయ వ్యయములు విన్నవారికి మరే మాటా చెవికెక్కదు. పైగా వెనుకనుండి పులిహోర ఘుమఘుమ వచ్చుచున్నది. అందువల్ల మేము కూడ ఒక పంచాంగమే చదువుదామని వచ్చితిమి. అది ఏటి పంచాంగము. దానిని మాకు చదువ నేర్పినది గాలపు కర్ర.

ఇడపనూరు నుండి దక్షిణముగా సాగిపోతే తుంగభద్ర తగులుతుంది. అవతలి ఒడ్డు కర్నూలు జిల్లా. 1953లో ఆనకట్టలో నీరు నిలిచి, ఎడమ కాలువ ఈ జిల్లాకు వచ్చిన తరువాత, మన పెద్దలు కోస్తా జిల్లాలు విడిచి ఇటు వచ్చిరి. అప్పుడిది హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రములో చేరినది. ఇల్లు మారినది, రాష్ట్రము మారినది, కాని నీరు మారలేదు. మన ముందు పారే తుంగభద్ర సంగమేశ్వరము వద్ద కృష్ణలో కలిసి, మన పెద్దలు విడిచి వచ్చిన పొలాల ప్రక్కగానే సముద్రానికి పోవుచున్నది. అందుకే ఏటి ఒడ్డున కూర్చుంటే పరాయి దేశములో ఉన్నట్లు మాకెన్నడూ తోచలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫొటోలు పంపుచుందురు. మోకాలి లోతు చల్లని కొండవాగులో నిలబడి, ఈకలూ దారమూ చుట్టిన గాలముతో ట్రౌటు చేపను పట్టుచుందురు. ఆ గాలము నీటి మీద వాలిన పురుగువలె కనబడుతుందట. ట్రౌటు మన దేశములోనూ ఉన్నది. ఇంగ్లీషువారు తెచ్చి కాశ్మీరములోను, నీలగిరులలోను పెంచిరి. కాని దానికి చల్లని నీరు కావలెను. రాయచూరు ఎండలో అది బ్రతుకదు.

అయినంత మాత్రాన మనమేమీ చిన్నబుచ్చుకోనక్కరలేదు. గాలపు వేటను గూర్చి ఇంగ్లీషువారు గొప్పగా చెప్పుకొనే వాల్టన్ గ్రంథము 1653లో వెలువడినది. అంతకు అయిదు వందల యేండ్లకు పూర్వమే, మనకు దూరము కాని కల్యాణి నగరము నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసములో మత్స్యవినోదమని ఒక అధ్యాయమే వ్రాసెను. చేపల జాతులు, ఏ చేపకు ఏ ఎర, దారమెట్లుండవలె, కర్ర ఎట్లుండవలె అన్నీ అందులో చెప్పబడినవి. రాజుకు వినోదమైనది మనకు ఆదివారపు వినోదమైతే తప్పేమున్నది?

ఇక పంచాంగము. వసంతములో ఏరు సన్నబడుతుంది. బండల మధ్య మడుగులు మిగులును. పెద్ద చేపలన్నీ అక్కడే తలదాచుకొనును. వాలుగ అడుగున పొంచి యుండును. బొమ్మిడాయి రాతి సందులో దూరును. తెల్లవారు జామున వానపాము గుచ్చి వేసితే జెల్ల తగులును. ఎండ ఎక్కితే ఏ ఎరా పనికిరాదు.

గ్రీష్మము చివర మృగశిర కార్తె. ఆనాడు చేప తినవలెనని తెలంగాణములో వాడుక. తొలకరి జల్లు పడిన సాయంత్రము ఉసిళ్ళు లేచి, రెక్కలు రాలి నీట పడును. అప్పుడు చూడవలెను, చిన్న చేపలు టపటప ఎగిరి అందుకొనుట! మేము చిన్న గాలానికి ఒక ఉసిలిని గుచ్చి, బెండు తీసివేసి, నీటి పైననే తేల్చి వదలుదుము. ఈకలు లేకపోయినా పిల్లలు అమెరికాలో ఆడే ఆట ఇదే.

తరువాత మలెనాడు వానలకు ఎర్రనీరు వచ్చును. ఇప్పుడు ఏటికి రెండు పంచాంగాలు. ఒకటి వానది, రెండవది ఆనకట్ట గేట్లది. ఎగువన జలాశయము నిండి గేట్లెత్తితే, ఇక్కడ చినుకు లేకున్నా ఏరు పొంగును. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయిన సంగతి మీకు జ్ఞాపకమే. కాబట్టి ఏటి నడుమ బండలెక్కి కూర్చొను పిల్లలారా, ఆ కాలములో ఒడ్డు విడువకండి.

ఎర్రనీటిలో చేప ఎదురెక్కును. గ్రుడ్లు పెట్టుటకు పోవుచున్న చేప అది. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది. చాలా యేండ్ల క్రిందట, కొత్తనీరు వచ్చిన ఉదయము, మా గాలానికి ఒక పెద్ద శీలావతి పడినది. కష్టపడి ఒడ్డుకు లాగి, పొంగిపోయితిమి. అక్కడ పుట్టి బోర్లించి మరమ్మతు చేసుకొనుచున్న ముసలి బెస్త ఒకడు లేచి వచ్చి, దాని పొట్ట మీద వేలు ఆనించి చూచెను.

"సామీ, ఇది ఒక చేప కాదు, ఒక ఊరు" అన్నాడు.

ఆ మాటకు మేము నవ్వితిమి. ఇంటికి తెచ్చి కోసిన తరువాత నవ్వు రాలేదు. పొట్ట నిండ గ్రుడ్లే. కిలో బరువుకు రెండు మూడు లక్షల గ్రుడ్లు శీలావతిలో ఉండునని తరువాత చదివితిమి. ఆనాటి కూర మా ఇంట ఎవ్వరికీ రుచించలేదు. ఆ యేటి నుండి వాన కాలములో మా గాలము అటక మీదనే.

కొర్రమీను సంగతి ఇంకను చిత్రము. తల్లీ తండ్రీ పిల్లలను కావలి కాయును. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపై ఆడుచుండగా పెద్దవి క్రింద తిరుగుచుండును. ఆ గుంపును చూచి గాలము వేసిన వానికి చేప దొరకును. కాని కావలి పోయిన ఆ పిల్లలను మిగిలిన చేపలు మ్రింగివేయును.

శరత్తులో నీరు తేరును. గాలము వేయువానికి ఇదే పండుగ. పిండిముద్దకు బొచ్చె, పరిగె బాగా వచ్చును. హేమంతములో చలికి చేప మందగించును. ఎండ పొడ కోసము మధ్యాహ్నము వరకు ఆగవలెను. శిశిరములో నీరు తగ్గుచు, మరల మడుగుల కాలము వచ్చును. అక్కడికి సంవత్సరము తిరిగి, మనము మరల ఈ సభలో కూడుదుము.

సోదరులారా, ఈ చక్రము తెగుటకు ఎక్కువ కాలము పట్టదు. వేసవి మడుగులో ఒక్క తూటా పేల్చిన చాలును. పెద్దవి నాలుగు చేతికి వచ్చును. వాటితో పిల్లలు, గ్రుడ్లు, పురుగులు అన్నీ చచ్చును. వానలకు ఏరు మరల నిండవలసినది ఆ మడుగులో మిగిలిన చేపతోనే. తూటాలతో, విషముతో చేపలు పట్టుట చట్టము ప్రకారమే నేరము. అయినను ఒక వేసవిలో తెల్లని పొట్టలు పైకి తేలిన మడుగును మేము కంటితో చూచితిమి. ఎవరి పని అని ఇక్కడ అడుగము. ఆ చేపలను కొన్న ఇండ్లలో మన ఇండ్లు కూడ ఉన్నవని మాత్రము సిగ్గుతో చెప్పుకొనవలెను.

ఇదే తుంగ నీటిలో, ఎగువన శృంగేరి రేవు వద్ద, పెద్ద పెద్ద చేపలు నిర్భయముగా తిరుగును. వచ్చిన యాత్రికులు మరమరాలు వేయుదురు గాని వల వేయరు. మన ఏటినంతటినీ అట్లు చేయుమని మేము కోరము. బెస్తవారి బ్రతుకు దానిమీదనే యున్నది. మేము కోరునది మూడే మాటలు. తూటా చేప మన ఇంటికి రాకూడదు. కొత్తనీటిలో గ్రుడ్ల చేపను పట్టకూడదు. పిల్లలను ఏటికి తీసుకుపోయి, శీలావతి, వాలుగ, జెల్ల, కొర్రమీను అని పేరు పెట్టి పిలువ నేర్పవలెను. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు చేప అన్న మాట ఒక్కటే తెలియును. పేరు తెలియనిది పోయినదని కూడ తెలియదు గదా!

ఆ ముసలివాడు ఇప్పుడు లేడు. అతని పుట్టిని ఇప్పుడు అతని మనుమడు నడుపుచున్నాడు. వచ్చే ఉగాదికి అతనికీ మనకూ మడుగులో చేప మిగిలి యుండవలెనని కోరుచు, మీ పులిహోరకు ఇక అడ్డు రాము.