ఆ టక్ టక్ ఎక్కడిది?

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమనగానే పొదుపు గురించో, డిజిటల్ మోసాల గురించో చెబుతాననుకున్నారట. ఆ మాటలు మీరు ఏడాది పొడుగునా ఇంట్లో వింటూనే ఉంటారు. అందుకని ఇవాళ, బయట చెట్టు కింద నిలబెట్టి వచ్చిన మన కార్ల గురించి నాలుగు మాటలు చెబుతాను. మా నాన్నగారు లారీ షెడ్డులో మెకానిక్కు. నా బడి సెలవులన్నీ ఆయనకు పానాలు అందించడంలోనే గడిచాయి. నేను చెప్పే దాంట్లో సగం అక్కడ నేర్చుకున్నది. మిగతా సగం సొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది.

మన బ్యాంకులో సస్పెన్స్ ఖాతా సంగతి మీకు తెలిసిందే. ఎక్కడిదో తేలని పద్దును తాత్కాలికంగా అందులో వేస్తాం. ఇన్‌స్పెక్షనుకు వచ్చినాయన అందులో పాతబడిన పద్దు కనిపిస్తే వదలడు. కారు సస్పెన్షన్‌లోంచి వచ్చే శబ్దం కూడా అలాంటి తేలని పద్దే. మూలం పట్టుకోకుండా సర్దుబాటు చేస్తే మళ్ళీ తిరిగి వస్తుంది.

నా విషయంలో అలాగే జరిగింది. కొన్నేళ్ళ క్రితం నా కారు ముందు భాగంలో గతుకుల మీద లొటలొటమని శబ్దం మొదలైంది. షెడ్డుకు తీసుకెళ్ళి "షాక్ అబ్జార్బర్లు పోయినట్టున్నాయి" అన్నాను. రోగి వెళ్ళి డాక్టరుకు మందు చెప్పినట్టన్నమాట. వాళ్ళు రెండూ మార్చారు. వేలల్లో బిల్లు కట్టి బయటకొస్తే, వీధి చివరి గుంతలో మళ్ళీ అదే లొటలొట. ఇంకో మెకానిక్కు చూసి కొన్ని వందల రూపాయల లింక్ రాడ్ మార్చాడు. శబ్దం పోయింది. తప్పు షెడ్డుది కాదు, నాది. శబ్దం ఎప్పుడు వస్తోందో చెప్పాల్సిన చోట, ఏ భాగం మార్చాలో చెప్పాను.

అసలు అక్కడ ఏముంటుందో చూద్దాం. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు 1940ల్లో రూపొందించిన అమరిక ఇది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800లోనూ ఇదే. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన ఒక నిలువు స్తంభం అనుకోండి. దాని తల దగ్గర రబ్బరు మౌంటు ఉంటుంది. కింద చక్రాన్ని పట్టుకుని ఉండేది లోయర్ ఆర్మ్. ఆ ఆర్మ్‌కు బాడీ వైపు రబ్బరు బుష్షులు, చక్రం వైపు బాల్ జాయింటు ఉంటాయి. మన భుజం ఎముక గిన్నెలో తిరిగినట్టే ఆ బాల్ తన గిన్నెలో తిరుగుతుంది. మలుపులో కారు ఒరిగిపోకుండా ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ స్టెబిలైజర్ బార్ అనే కడ్డీ ఉంటుంది. చాలా కార్లలో దాన్ని స్ట్రట్‌కు కలిపే చిన్న ముక్కే ఈ లింక్ రాడ్. రబ్బరు చిట్లినా, బాల్ అరిగినా, నట్టు వదులైనా ఇనుము ఇనుముకు తగులుతుంది. అదే మనకు వినిపించే టక్.

శబ్దం వినిపించగానే ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, పానా, వదులుగా ఉన్న స్టెప్నీ, తలుపు జేబులోని నీళ్ళ సీసా, వెనక సీటు బెల్టు బకిల్. వీటి శబ్దానికి సస్పెన్షన్ విప్పించిన వాళ్ళున్నారు. రెండోది, పంక్చరు వేయించాకో, చక్రాలు విప్పి బిగించాకో మొదలైన శబ్దమైతే వెంటనే పక్కకు ఆపి వీల్ నట్లు చూడండి. వదులు నట్లతో ఇంకొక్క కిలోమీటరు కూడా వెళ్ళకూడదు.

ఈ రెండూ సరిగా ఉంటే, శబ్దం ఎప్పుడు వస్తోందో గమనించండి.

గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే, ఒక పక్క చక్రం గుంతలో దిగినప్పుడల్లా లొటలొటమంటోందా? లింక్ రాడ్‌నో, స్టెబిలైజర్ బార్ బుష్షునో అనుమానించండి. దీనికొక చిన్న పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద స్పీడు బ్రేకరును ఒకసారి నేరుగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటండి. మరోసారి ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా దాటండి. నేరుగా దాటినప్పుడు బార్ రెండు కొసలూ కలిసి లేస్తాయి కాబట్టి లింక్ మీద ఒత్తిడి తక్కువ. ఏటవాలుగా దాటినప్పుడే శబ్దం వస్తే అనుమానం బలపడుతుంది.

నేరుగా దాటినా దబ్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తోందా? స్ట్రట్ మౌంటు, షాక్ అబ్జార్బరు చూడాలి. కారు నిలబడి ఉండగా స్టీరింగు తిప్పితే టంగుమంటోందా? మౌంటులోని బేరింగు సంగతి చూడాలి. బ్రేకు వేసినప్పుడు, మళ్ళీ కదిలినప్పుడు ఒక్కొక్క టక్ వస్తోందా? లోయర్ ఆర్మ్ బుష్షు కావచ్చు. క్లచ్ వదిలినప్పుడు మాత్రమే వస్తే ఇంజను మౌంటు కావచ్చు. గతుకుల మీద వెళ్తూ బ్రేకు పెడలును కాస్త తాకించగానే శబ్దం ఆగిపోతే బ్రేకు ప్యాడ్లు వదులై ఉండవచ్చు. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే చక్రం వేగంతో పాటే టకటకమంటే అది సస్పెన్షన్ కాదు, డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. ఇవన్నీ అనుమానాలే, తీర్పులు కావు. కానీ ఇంత చెప్పగలిగితే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.

ఏ పక్కనుంచి వస్తోందో తేలకపోతే, అద్దాలు దించి ఒక కాంపౌండు గోడ పక్కగా నెమ్మదిగా వెళ్ళండి. శబ్దం గోడకు తగిలి తిరిగి వినిపిస్తుంది. తర్వాత రెండో పక్కకు గోడ వచ్చేలా తిరిగి రండి. ఇనుము శబ్దాన్ని దూరం మోసుకుపోతుంది కాబట్టి స్టీరింగు దగ్గర కూర్చున్నవాళ్ళ చెవి మోసపోవచ్చు. పక్క సీటులో ఉన్నవాళ్ళ మాట కూడా అడగండి.

ఇంటి దగ్గర ఇంకో రెండు పనులు చేయవచ్చు. కారు మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడిపోవాలి. ఊగుతూ ఉంటే షాక్ అబ్జార్బరు బలహీనపడింది. దాని ఒంటి మీద నూనె కారిన మరక ఉన్నా అంతే. ఇక టైరును చూడండి. ఒక అంచు మాత్రమే అరిగి ఉంటే కింద ఏదో వదులైందని అర్థం కావచ్చు. చక్రాన్ని గాలిలోకి లేపి ఊపి చూడటం మాత్రం షెడ్డులోనే చేయించండి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందకు ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు. మా నాన్నగారు షెడ్డులో ఎవరినీ కొట్టలేదు. ఒక్క ఈ తప్పుకు మాత్రం కుర్రాళ్ళ వీపు విమానం మోత మోగించేవారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. లింక్ రాడ్ మార్పించిన ఏడాదికి మళ్ళీ శబ్దం వచ్చింది. అప్పుడు ప్రకాశం జిల్లాలో పనిచేస్తున్నాను. పాత బాధే తిరగబెట్టిందనుకుని రేడియో కాస్త పెంచాను. ఆ ఆదివారం అమ్మను తీసుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళాలని అనుకున్నాం. శుక్రవారం బజారు నుంచి వస్తుంటే మా ఆవిడ అంది: "ఇది పాత శబ్దం కాదండీ. అది గతుకుల్లోనే వచ్చేది. ఇది మలుపు తిరిగినప్పుడు కూడా వస్తోంది. కారు కూడా కాస్త పక్కకు లాగుతున్నట్టుంది."

నేను రోజూ నడుపుతున్నా నాకు తట్టలేదు. శనివారం పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. ఈసారి ఆవిడ చెప్పిన మాటలే చీటీ మీద రాసి ఇచ్చాను. మెకానిక్కు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. చక్రం కింది వైపు కదిలింది. ఆ ఆట బేరింగులోదా, జాయింటులోదా తేల్చడానికి నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. బేరింగుదైతే చాలావరకు ఆగిపోవాలి. ఆగలేదు. బాల్ జాయింటు రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, మట్టి చేరి అరిగిపోయింది. అది ఊడితే చక్రం కింది భాగానికి పట్టు పోతుంది, చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా కారు మన మాట వినదు. ఆ ఘాట్ మలుపుల్లో అది జరిగి ఉంటే అని ఆలోచించడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. యాత్ర వారం వాయిదా పడింది. అమ్మ కాస్త అలిగింది. అంతే.

అందుకే మీకు నా మనవి ఇది. షెడ్డుకు వెళ్ళినప్పుడు భాగం పేరు చెప్పకండి. శబ్దం ఎప్పుడు, ఎంత వేగంలో, ఏ పక్క వస్తోందో చెప్పండి. మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని ఆ శబ్దం వినిపించండి. ఏదైనా మార్చాలంటే, విప్పకముందే అందులోని ఆట మీ కళ్ళకు చూపించమని మర్యాదగా అడగండి. షాక్ అబ్జార్బర్లు జతగా మార్పించండి. లోయర్ ఆర్మ్ బుష్షుల బోల్టులను కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరుగా బిగించమనండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంటు చేయించండి. స్టీరింగు లాగుతున్నా, శబ్దం రోజురోజుకూ పెరుగుతున్నా ప్రయాణం మానుకుని ముందు చూపించండి.

నడిపేవారికి ఒక మాట. పక్క సీటులో నుంచి "ఏదో శబ్దం వస్తోంది" అని వినిపిస్తే విసుక్కోకండి. ఇవాళ ఇంటికి వెళ్ళేటప్పుడు ఓ ఐదు నిమిషాలు రేడియో ఆపి, అద్దాలు దించి, వెనక కూర్చున్న పిల్లలను కూడా ఏం వినిపిస్తోందో అడగండి.

భోజనాల దగ్గర కలుద్దాం.