పెరటి కూరగాయలు – ఫ్రిజ్జు



ఉద్యోగరీత్యా తాపీ తీరమునందలి ఈ సూరతు నగరమునకు వచ్చిన మనలో పలువురు క్వార్టర్ల పెరళ్లలో గోంగూర, వంగ, బెండ, దోస పెంచుచున్నారు. స్వగ్రామమునుండి తెచ్చిన విత్తనము ఇచ్చట కాపునకు వచ్చినపుడు కలుగు ఆనందము మీకు విదితమే. అట్టి కాయ వ్యర్థమైన మనసు చివుక్కుమనును. నేనొకమారు కోసినదెల్ల ఫ్రిజ్జులో నింపితిని. కొలది దినములకు వంకాయలు పైన గుంటలు పడి, లోపల గింజలు నల్లబడినవి.

కారణము చలియే. ఫ్రిజ్జులోని చలి సుమారు 4 డిగ్రీల సెంటీగ్రేడు. వంగ, టమాటా, దోస 10 డిగ్రీలకు దిగువ చలిని చిరకాలము సహింపజాలవు. వంకాయలను, దోరటమాటాలను గాలియాడు నీడలోనుంచి రెండు మూడు దినములలో వండుకొనవలెను. పండిన పసుపు దోసకాయలను మన పెద్దలు దూలములకు వ్రేలాడదీసి వారముల తరబడి నిలువచేసెడివారు.

ఆకుకూరల స్వభావము వేరు. గోంగూరను కడుగక, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులోనే ఉంచవలెను. పండిన టమాటా చెంత మాత్రము ఉంచరాదు. దానినుండి వెలువడు ఇథిలీను వాయువు ఆకులను పసుపుబారజేయును. ఉల్లి, బంగాళాదుంపలకు వెలుపలనే, వేరువేరు బుట్టలలో స్థానము.

బెండ ఒక్కదినము తప్పిన ముదురును గాన వెంటనే కోయుడు. తక్కినవానిని వండునాడే కోయుడు. పెరడు గలవానికి మొక్కను మించిన భాండాగారము లేదు.