తుపాను వేళ జీపు వించి మొరాయించినచో

పంచాయతీ సభ్యులారా,

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును ఊడ్చివేసినప్పుడును, గాలి తగ్గిన పిదప మొదట కావలసివచ్చిన పని త్రోవ తెరచుట. చెట్లు అడ్డముగా పడిన రోడ్డుమీదుగా మంచినీళ్ల ట్యాంకరు రాజాలదు, వైద్యుడును రాజాలడు. అట్టి వేళ, ఉక్కుతాటిని డ్రమ్ముపై చుట్టుకొనుచు బరువును లాగు విద్యుత్ వించి జీపు ముందు అమర్చియున్నచో ఎందరో మనుష్యుల పని చేయును. అయితే ఏడాదికి ఒకటి రెండు దినములు మాత్రమే పనిపడు యంత్రము గనుక, సరిగా ఆ దినముననే అది మొరాయించుట కద్దు.

నేను కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదను. ఒక వానాకాలమున చెరువుగట్టు రోడ్డుపై తుమ్మచెట్టు కూలినది. అవతల నిండు గర్భిణితో ఒక ఆటో నిలిచియున్నది. జీపు వచ్చినది, తాడు కట్టిరి, మీట నొక్కిరి. 'టక్' మను చప్పుడు తప్ప డ్రమ్ము కదలలేదు. బ్యాటరీ చెడినదని తలచి వేరొక బండి బ్యాటరీ తెచ్చి మార్చిరి. మరల అదే చప్పుడు. గంటన్నరకు ట్రాక్టరు మెకానిక్కు ఒకరు వచ్చి, వించి నుండి బండి చట్రమునకు బిగించిన ఎర్తుతీగ బోల్టు విప్పి చూపెను. దాని క్రింద రంగు, రంగుపై తుప్పు. ఉప్పుకాగితముతో రుద్ది బిగించినంతనే యంత్రము తిరిగినది. ఆ తల్లిని అప్పటికే మంచముపై పరుండబెట్టి పొలముల వెంట మోసికొనిపోయిరి.

ఇంత చిన్న తుప్పు అంత పని యెట్లు చేసినదని మీరడుగవచ్చును. బండి ముందుదీపములు రెండును కలిసి సుమారు 10 ఆంపియర్ల కరెంటు తీసికొనును. నాలుగు టన్నులు లాగు 12 వోల్టుల వించియో, నిండు బరువుపై 400 ఆంపియర్ల వరకు తీసికొనును. అట్టి ప్రవాహమునకు ఒక అతుకులో ఓములో నూరవవంతు నిరోధము చేరినను 4 వోల్టులు అక్కడనే హరించిపోవును. కనుకనే దీపములు చక్కగా వెలుగుచుండగా వించి మాత్రము కదలదు. దీపము వెలుగుచున్నది గదా, బ్యాటరీ తీగలు బాగున్నవనుకొనుట మన డ్రైవర్లు తరచుగా పడు పొరపాటు.

మీటరుతో చూచిన చిక్కు విడిపోవును. ఇంజను ఆపిన కొంతసేపటికి, నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపవలెను. పిమ్మట తాటికి బరువు కట్టక వించిని నడుపుచు, మీటరు తీగ నొకదానిని బ్యాటరీ రుణధ్రువముపైనను, రెండవదానిని మోటారు ఎర్తు బోల్టుపైనను ఉంచుడు. అర వోల్టు చూపినచో ఆ దారిలోని అతుకులను శుభ్రపరుపవలెను. ఎర్తుతీగను చట్రమునకు గాక నేరుగా బ్యాటరీకే తెచ్చుట మేలు. తీగలు విప్పునప్పుడు రుణతీగను మొదట తీయుడు, చివర బిగించుడు.

చప్పుడే రానిచో, లోపము సాధారణముగా చేతి స్విచ్చియందో, దాని ప్లగ్గునందో, సన్నని తీగలందో ఉండును. చప్పుడు వచ్చియు తిరుగనిచో అతుకులను, సొలినాయిడు లోపలి కాలిన రాగి మొనలను చూడుడు. ఒకవైపే తిరిగినచో సొలినాయిడునో స్విచ్చినో అనుమానింపవలెను.

స్విచ్చి వదలినను ఆగక తిరుగుట వీటన్నిటికంటె భయంకరము. సొలినాయిడు మొనలు కరిగి అతుకుకొనినచో ఇట్లగును. బ్యాటరీ ప్రక్కన భారీ మెయిన్ స్విచ్చి యొకటి లేని వించిని పంచాయతీ పనికి ఒప్పుకొనవద్దని నా మనవి.

లాగునప్పుడు ఇంజను నడుచుచుండవలెను, అయినను ఆల్టర్నేటరు అంత కరెంటును ఈయజాలదు, మిగిలినది బ్యాటరీయే భరించును. కనుక కొద్దిసేపు లాగి, మోటారు చల్లారువరకు ఆగవలెను. చెట్టుకు కప్పీ తగిలించి తాటి కొసను మరల జీపునకు కట్టినచో లాగుడు బలము ఇంచుమించు రెట్టింపగును, మోటారుపై భారము సగమగును. తాటిపై తడి గోనెసంచి వేయుడు, జనమును దూరముగా నిలుపుడు.

కూలిన చెట్టుకు కరెంటు తీగ తగిలియున్నచో తాడు కట్టనేకూడదు. 1912కు ఫోను చేసి, విద్యుత్ సిబ్బంది వచ్చి లైను ఆపితిమని చెప్పినంతవరకు జీపును కూడ దూరముగా నుంచవలెను.

వానలకు ముందు నెలకొకసారి, పంచాయతీ సమావేశము నాడే, పది గజముల తాడు విప్పించి మరల చుట్టించి చూడుడు. జీపులో మీటరు, రెండు స్పానర్లు, ఉప్పుకాగితము, కప్పీ ఉన్నవో లేవో ఆనాడే లెక్క చూచుకొనుడు.