అడ్డతెర వెనుక ఒక్క క్షణం



పెళ్లింట ఐరేని కుండలు తెచ్చే కుమ్మరికి స్థానం ఉంది, బాజా వాయించేవారికి స్థానం ఉంది. పురోహితుని సంగతి చెప్పనక్కరలేదు. కెమెరా పట్టుకొని వచ్చిన వ్యక్తికి బయానా ఉంది గాని స్థానం లేదు. అయినా ముహూర్తవేళ వధూవరులకు పురోహితుని తరువాత అంత చేరువగా నిలిచేది అతడే.

సిరొంచ తాలూకాలోని బామ్ని వంటి ఊళ్లలో ఈ వృత్తి నగరంలో కంటె క్లిష్టమైనది. 1982లో చంద్రపూర్ నుండి వేరుపడిన గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు కొస. ప్రాణహిత దాటితే తెలంగాణ. ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ, అడవి పల్లెలలో గోండీ, మాడియా. ఫొటోగ్రాఫరుకు ఒక్క భాష వస్తే చాలదు. ఒక్క పెళ్లి వస్తే అసలే చాలదు.

తెర సంగతే చూడండి. మరాఠీ పెళ్లిలో వధూవరుల నడుమ అంతర్‌పాట్ పట్టి మంగళాష్టకాలు చదువుతారు. ప్రతి అష్టకం చివర ‘సావధాన్’ అనగానే బంధువులు అక్షతలు వేస్తారు. తెర తొలగుతుంది, దండలు మారుతాయి. అక్కడ ఫొటో అంటే తెర తొలగిన తరువాతి ముఖాలు. మన పెళ్లిలోనూ అడ్డతెర ఉంది. కాని సుముహూర్తానికి వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచడం తెర ఇంకా ఉండగానే జరుగుతుంది. మరాఠీ పెళ్లిళ్లలో చేయి తిరిగిన ఫొటోగ్రాఫరు మన పందిట్లో తెర ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తాడు. తెర తీసేసరికి ముహూర్తం దాటిపోయి ఉంటుంది! కొన్ని గోండు కుటుంబాలలో పెళ్లి వరుని ఇంటనే జరుగుతుంది. వధువు ఇంట మకాం వేసిన ఫొటోగ్రాఫరుకు దొరికేది ప్రయాణమే.

పనికాలం కూడ రెండు పంచాంగాల నడుమ నలుగుతుంది. ఆషాఢ ఏకాదశి నుండి కార్తికం దాక చాతుర్మాస్యమని మరాఠీ ఇళ్లలో సాధారణంగా లగ్నాలు పెట్టరు. మనవారు శ్రావణంలో ధారాళంగా పెడతారు. అంటే వాగులు పొంగే నెలలోనే ఈ ఫొటోగ్రాఫరు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని బండి ఎక్కాలి. సిరొంచ వద్ద గోదావరిపై వంతెన వచ్చాక అవతలి ఒడ్డు పెళ్లిళ్లు సులువైనాయి. అంతకు ముందు నాటు పడవే దిక్కు.

ఫిల్ము కాలంలో ఒక రీలుకు 36 ఫొటోలు. తలంబ్రాలకెన్ని, అప్పగింతలకెన్ని అని లెక్క వేసుకొని మీట నొక్కవలసి వచ్చేది. కడిగించడానికి పట్నం పోవాలి. ఎవరు కళ్లు మూశారో తెలిసేసరికి పెళ్లికూతురు అత్తవారింట కుదురుకొని ఉండేది. ఇప్పుడు వేల ఫొటోలు తీస్తున్నారు. అవి హార్డు డిస్కులో పడి ఉంటాయి. ఆ 36 మాత్రం గోడ మీద ఉన్నాయి.

సెలవు దొరకక ముంబయి, పుణె, నాగపూర్ నగరాలలో ఆగిపోయినవారు ఈ సభలోనూ ఉంటారు. అటువంటి ఇంటి పెద్దమ్మ ఫొటోగ్రాఫరును ఎలా అడుగుతుందో వారు ఊహించుకోగలరు: “కొడుకా, మా చిన్నోనికి సెలవు దొరకలే. వానికి కండ్లకు కట్టినట్టు కనబడాలె, మంచిగ తియ్యి.” అందుకే అతడు వేదికను వదిలి వంటపాకలోకి, ఒడిబియ్యం పోసే గదిలోకి వెళతాడు. ఆ గదిలోకి మగవాణ్ణి అన్నివేళలా రానివ్వరు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం 1892లోనే వేరే స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. మన పల్లెలలో కెమెరా పట్టిన ఆడపిల్లలు నేటికీ అరుదు. అది మనకు గర్వకారణం కాదు.

ఇక నగరపాలికకు సంబంధించిన సంగతి. మహారాష్ట్ర 1998 చట్టం ప్రకారం పెళ్లి జరిగిన 90 రోజులలోపు నమోదు చేయించాలి. పెళ్లి పత్రిక, పెళ్లినాటి ఫొటో అడుగుతారు. ముగ్గురు సాక్షుల సంతకాలు కావాలి. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన చాలదనీ, ఆచారప్రకారం తంతు జరగనిదే హిందూ వివాహం కాదనీ సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. 1955 హిందూ వివాహ చట్టం వధూవరులలో ఏ ఒక్కరి ఆచారాన్నైనా అంగీకరిస్తుంది. ప్రత్యేక ప్రకటన లేనిదే షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. గోండుల పెళ్లికి వారి ఆచారమే ఆధారం. మనస్పర్ధలు వచ్చి, పెళ్లే జరగలేదని ఒక పక్షం అన్ననాడు ఆల్బం అలంకారంగా మిగలదు, సాక్ష్యానికి వస్తుంది.

అందుకే ఒక చిక్కు. మేనమామ సెల్‌ఫోను అడ్డం వచ్చి జీలకర్ర బెల్లం ఫొటో తప్పిపోతే, “మళ్లీ ఒకసారి పెట్టండి” అని అడగడం ఈనాటి అలవాటు. వధూవరులు నవ్వుతూ పెడతారు. ఫొటో మొదటిదానికంటె బాగా వస్తుంది కూడ. కాని అది ముహూర్తం కాదు. ఈ సంగతి తెలిసిన ఫొటోగ్రాఫరు మళ్లీ పెట్టించడు. తప్పిన ఫొటో తప్పిందని ఇంటి యజమానికి ఆనాడే చెప్పి, ఆ మేరకు కూలి తగ్గించుకొని, చీకటి పడకముందే బండి ఎక్కుతాడు.