తలంటుకూ తలంటుకూ నడుమ

తలంటి పోసికొనుట మన యిండ్లలో కేవలము శుభ్రతకై చేయు పని కాదు. ఆడవారికి శుక్రవారము, మగవారికి శనివారము అని వారములు ఏర్పరచుకొన్న కుటుంబములు నేటికిని కలవు. ముందుగా నూనె, పిమ్మట కుంకుడుకాయ రసమో శీకాయ పొడియో, ఆపైన వేడినీళ్లు, చివరకు సాంబ్రాణి ధూపము. ఇన్ని అంగములు గల ఆ పనికి తీరిక కావలెను, నీరు కావలెను, ఒంటిలో ఓపిక కావలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొరవడినను తలంటు మరునాటికి, ఆ మరునాటికి వాయిదా పడుచుండును. తలలోని జిడ్డు మాత్రము ఏ వాయిదాకును ఒప్పుకొనదు.

జ్వరపడి లేచినవారు, శస్త్రచికిత్స జరిగి మంచము పట్టినవారు, పసిబిడ్డతో క్షణము తీరిక లేని తల్లులు, నీటి ఎద్దడి గల వసతిగృహములలో చదువుకొను బాలికలు, తెల్లవారుజామున బస్సెక్కి ఉద్యోగమునకు పోవు స్త్రీలు, వీరందరికిని తలంటుకూ తలంటుకూ నడుమ దినములు బరువుగా గడచును. అట్టివారి కొరకు డ్రై షాంపూ అను పేర ఒక వస్తువును అంగళ్లలో అమ్ముచున్నారు. నీటితో పని లేకుండ తలకు పట్టించి దువ్వివేయు పొడి అది. దానిని మనము పొడి షాంపూ అందము. అది ఎంతవరకు ఉపకరించును, ఎట్టిదానిని ఎన్నుకొనవలెను, ఎట్లు వాడవలెను అను విషయములను నేడు ముచ్చటించెదను.

ముందుగా ఒక్క మాట. పొడి షాంపూ తలను కడుగదు. అది తలంటుకు కొంత గడువు ఇచ్చును, అంతే. ఈ భేదమును మనసున ఉంచుకొన్నవారికి అది మంచి సహాయకారి. మరచినవారికి దానివలన మేలుకంటె కీడే ఎక్కువ.

షాంపూ అను మాట మన దేశమునుండి పోయినదే. హిందీలో ‘చాంపో’ అనగా నొక్కుము, మర్దించుము అని అర్థము. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండునకు పోయి, బ్రైటన్ పట్టణమున ఆవిరిస్నానముతోపాటు మర్దనము చేయు స్నానశాలను నడిపి, ఆ మాటకు అచ్చట ప్రచారము కల్పించెను. ఆనాడు షాంపూ అనగా ఒళ్లు పట్టుట. తల రుద్దుకొను వస్తువునకు ఆ పేరు తరువాత వచ్చినది.

తలకు పొడి చల్లుకొను అలవాటు ఐరోపాలో అంతకంటెను పాతది. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చటి సంపన్నులు కట్టుడు జుట్టుపైనను, సొంత జుట్టుపైనను పిండి చల్లుకొనెడివారు. 1795లో ఇంగ్లండు ప్రభుత్వము ఆ పొడి వాడువారిపై ఏటికి ఒక గినీ పన్ను విధించెను. తిండిగింజలకు కొరత వచ్చిన ఆ దినములలో తినవలసిన పిండిని తలపై చల్లుకొనుట పలువురకు ఎబ్బెట్టుగా తోచెను. కొంతకాలమునకు ఆ వేషమే అంతరించెను. పిండి జిడ్డును పీల్చునను అనుభవము మాత్రము మిగిలినది. నేటి పొడి షాంపూలో ముఖ్యమైన సరకు నేటికిని బియ్యమునుండియో మొక్కజొన్ననుండియో తీసిన పిండిపదార్థమే.

అది పనిచేయు విధము సులభముగా తెలియును. తలచర్మమున వెంట్రుక కుదుళ్లను అంటి చిన్న చిన్న నూనె గ్రంథులు ఉండును. అవి స్రవించు జిడ్డు వెంట్రుకను మెత్తగా ఉంచును. చర్మము ఎండిపోకుండ కాపాడును. అది కుదుళ్ల వద్ద పేరుకొన్నప్పుడు వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకొని తల అణగిపోవును, దుమ్ము పట్టును. బియ్యపు పిండిపదార్థపు రేణువు మిల్లీమీటరులో నూరవ వంతు కంటెను చిన్నది. అట్టి రేణువులు లక్షలకొలది కుదుళ్ల మధ్యకు చేరినప్పుడు జిడ్డు వాటిని అంటుకొనును. దువ్వినప్పుడు కొంత పొడియు, దానితో కొంత జిడ్డును రాలిపోవును. వెంట్రుకలు విడివడి తల తేలిక పడును.

కుంకుడు రసము చేయు పని వేరు. అందలి సపోనిన్ అను పదార్థము ఒక కొసతో నూనెను, మరియొక కొసతో నీటిని పట్టుకొనును. నీళ్లు పోసినప్పుడు జిడ్డు, మురికి, చెమటలోని ఉప్పు అన్నియు కొట్టుకొనిపోవును. పొడి షాంపూకు నీటి సాయము లేదు. దువ్వెనకు రానిదంతయు తలలోనే మిగిలిపోవును.

ఇందువలన దాని హద్దులును తెలియుచున్నవి. మన స్త్రీలలో అనేకులు తలకు కొబ్బరినూనె రాచి జడ వేసికొందురు. నూనె రాచిన తలపై ఈ పొడి చల్లినచో అది తడిపిన పిండివలె ముద్ద కట్టును. కనుక నూనె రాచుకొనిన నాడు దాని జోలికి పోరాదు. కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో వేసవి ఉక్కకు తల చెమటతో తడియును. తడి తలకును ఇది పనికిరాదు. ముందు తల ఆరబెట్టుకొని, పిమ్మటనే వాడవలెను. పేలు దీనివలన చావవు. చుండ్రు దీనివలన పోదు, పైగా మరుగుపడును. తలచర్మముపై మలసీజియా అను సూక్ష్మమైన శిలీంధ్రము ఉండును. అది మన జిడ్డునే ఆహారముగా గైకొని, చర్మమును రేపు ఆమ్లములను విడుచును. చుండ్రునకు అది ఒక ముఖ్య కారణము. కడుగవలసిన జిడ్డును కడుగక పొడితో కప్పిపుచ్చుచు పోయినచో పొట్టు, పొడి, జిడ్డు కలిసి అట్ట కట్టును.

తలంటు తగ్గించినకొలది తల జిడ్డు ఊరుట మానునని కొందరు చెప్పుదురు. ఆ గ్రంథులను నడుపునవి ముఖ్యముగా శరీరములోని హార్మోనులు. యుక్తవయస్సున జిడ్డు పెరుగుటకును, వార్ధక్యమున తగ్గుటకును అవియే హేతువు. మనము ఎన్ని దినములకు తలంటుకొందుమో లెక్క చూచుకొని అవి పనిచేయవు.

ఇక ఎన్నిక. అంగళ్లలో ఇది రెండు రూపములలో దొరకును. ఒకటి పిచికారీ డబ్బా. రెండవది చల్లుకొను విడిపొడి. పిచికారీ సులభముగా పరచుకొనును గాని దానితో మూడు చిక్కులు కలవు.

మొదటిది నిప్పు. డబ్బాలోని పొడిని వెలికి నెట్టుటకు బ్యూటేను, ప్రొపేను వంటి వాయువులను నింపుదురు. ఇవి వంటగ్యాసు జాతివే. వెలుగుచున్న పొయ్యి వద్దను, దేవుని దీపము ముందరను, అగరువత్తి, సాంబ్రాణి నిప్పుల చెంతను దీనిని కొట్టుకొనుట ప్రమాదకరము. ఎండలో నిలిపిన కారులో డబ్బాను ఉంచరాదు.

రెండవది ఊపిరి. సన్నని పొడి గాలిలో తేలి ముక్కులోనికి పోవును. ఉబ్బసము గలవారును, పసిపిల్లలున్న గదిలోనివారును విడిపొడినే ఎన్నుకొని, దానిని మెత్తని బ్రష్షుతో కుదుళ్లకు అద్దుకొనుట మేలు.

మూడవది కల్తీ. 2021 డిసెంబరులో ప్రోక్టర్ అండ్ గాంబుల్ సంస్థయు, 2022 అక్టోబరులో యూనిలీవర్ సంస్థయు అమెరికాలో అమ్మిన తమ పొడి షాంపూ డబ్బాలు కొన్నింటిని వెనుకకు తీసికొన్నవి. వాటిలో బెంజీను ఉండుటయే కారణము. బెంజీను రక్తపు క్యాన్సరును కలిగింపగల పదార్థము. దానిని ఎవరును కావలెనని కలుపలేదు. నెట్టుడు వాయువులతోపాటు అది డబ్బాలోనికి చేరినది. కనుగొనిన పరిమాణములవలన హాని కలుగునని తాము అనుకొనుట లేదనియు, జాగ్రత్తకై వెనుకకు తీసికొనుచున్నామనియు ఆ సంస్థలు ప్రకటించినవి. దీనిని విని బెదరిపోనక్కరలేదు. కాని ప్రతిదినము మూసిన గదిలో పిచికారీ కొట్టుకొనుట అవసరమా అని ఎవరికి వారు ఆలోచించుకొనవలెను. విడిపొడిలో ఆ నెట్టుడు వాయువులు ఉండవు.

డబ్బాపైని పదార్థముల పట్టికను చదువుట మరువరాదు. టాల్కు ఉన్నదా అని చూడుడు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2024లో టాల్కును క్యాన్సరు కలిగించుటకు అవకాశము గల పదార్థముల వర్గమున చేర్చినది. పిండిపదార్థముతో చేసినవి దొరకుచుండగా టాల్కు గలదానిని కొననక్కరలేదు. పరిమళమునకు చర్మము దురద పెట్టువారు వాసన లేనిదానిని అడుగవలెను. మన నల్లని జుట్టుపై తెల్లని పొడి బూడిదవలె కనబడును. కనుక నల్లజుట్టుకని రంగు కలిపి చేసినవి మేలు.

కొనలేనివారును, కొననిచ్చగింపనివారును ఇంటిలోనే చేసికొనవచ్చును. పాలగుండగాని, అంగళ్లలో కార్న్‌ఫ్లోర్ అని అమ్ము మొక్కజొన్న పిండిగాని తెచ్చి, పలుచని బట్టలో జల్లించి, రంగు కొరకు కొంచెము తియ్యదనము కలుపని కోకో పొడి చేర్చి, తడి లేని సీసాలో ఉంచుకొనవలెను. శనగపిండియు, సున్నిపిండియు నీటితో కడుగుటకు తగినవి. పొడిగా చల్లినచో ముతకగా చిక్కుకొనును. వంటసోడాను వాడరాదు. తలచర్మము స్వభావముచే కొంచెము ఆమ్లగుణము గలది, సోడా క్షారము. మాటిమాటికి తగిలినచో చర్మము ఎండి మంటపుట్టును.

వాడు విధము చెప్పెదను. జడ విప్పి, చిక్కు తీసి, జుట్టును పాయలుగా విడదీయవలెను. జిడ్డు తేలునది పాపిడి, నుదురు, నడినెత్తిన, చెవుల వెనుక; పొడి అచ్చటి కుదుళ్లకు చాలును. జడ కొసలకు అక్కరలేదు. పిచికారీ అయినచో కిటికీ తెరచి, కన్నులు మూసికొని, డబ్బాను జానెడు దూరమున పట్టి, క్షణకాలము మాత్రమే కొట్టవలెను. విడిపొడి అయినచో చిటికెలతో వేయవలెను. వేసిన వెంటనే దువ్వుట తగదు. ఐదు నిమిషములైనను ఊరకుండిన గాని పొడి జిడ్డును పీల్చదు. పిమ్మట వ్రేళ్ల కొసలతో కుదుళ్లను మృదువుగా మర్దించి, తల వంచి, ఒత్తుపండ్ల దువ్వెనతో పొడి రాలునంతవరకు దువ్వవలెను. షాంపూ అను మాటకు గల తొలి అర్థమే ఇచ్చట పనికివచ్చుచున్నది. చల్లుటకంటె మర్దించి దువ్వుటయే ముఖ్యము.

మంచముపై నున్న రోగికి ఇది చేయునప్పుడు మరికొంత శ్రద్ధ వహింపవలెను. దిండుపై ఒక తువాలు పరచి, మొగమునుండి పొడి తొలగునట్లు కన్నులపై తడిగుడ్డ కప్పి, విడిపొడిని మాత్రమే కొలదిగా వాడవలెను. నిద్రలో ఒత్తుకొని జుట్టు ఉండలు కట్టకుండ రెండు వదులు జడలు అల్లి ఇరుప్రక్కలకు వేయవలెను. తలపై గాయముగాని, కుట్లుగాని, పుండుగాని ఉన్నచో పొడి తగులనీయరాదు. కంటిలో శుక్లములు తీయించుకొన్నవారికి వైద్యులు కొంతకాలము తలస్నానము వలదందురు. నీరు పడరాదని పొడి చల్లుట తెలివి కాదు. కంటిలో నీటివలెనే పొడియు పడరాదు. అట్టివారు వైద్యుని అడిగి, తల వెనుకకు వాల్చి మరియొకరిచేత కడిగించుకొను మార్గమును చూచుకొనవలెను.

రోగి తల శుభ్రముగా ఉండుట అలంకారము కాదు. పది దినములు దువ్వెన తగులని తల దురద పెట్టును, వాసన వేయును. ఎవరైన చూడవచ్చినప్పుడు రోగి మొగము ప్రక్కకు త్రిప్పుకొనును. ఆ సిగ్గు జబ్బుకంటె తక్కువ బాధ కాదు. ఒకరు ప్రక్కన కూర్చుండి పాయ పాయ తీసి దువ్విపెట్టినప్పుడు తల తేలిక పడుటయే కాదు, తాను ఇంకను నలుగురిలో ఒకరినను ధైర్యము రోగికి కలుగును. ఆ పావుగంట సేవలో పొడి పాలు స్వల్పము. చేతి పాలే పెద్దది.

గడువునకును ఒక మితి ఉండవలెను. ఒక తలంటుకూ మరియొక తలంటుకూ నడుమ ఒకసారి, మించిన రెండుసార్లు పొడి వాడవచ్చును. మూడవసారి అవసరమని తోచినచో అది నీళ్లు కాచవలసిన దినమని తెలిసికొనవలెను. దురద, ఎఱ్ఱదనము, కుదుళ్ల వద్ద చిన్న పొక్కులు, వెంట్రుకలు అధికముగా రాలుట కనిపించిన వెంటనే పొడి మాని తల శుభ్రముగా కడిగికొని, తగ్గనిచో చర్మవైద్యునకు చూపవలెను. తరువాత తలంటుకొనునప్పుడు తొలిసారి రుద్దినది పొడిని వదలించుటకే సరిపోవును. రెండవసారి రుద్దిన గాని తలచర్మము శుభ్రపడదు.

తీరిక లేనినాడు, నీరు లేనినాడు, ఓపిక లేనినాడు పొడి షాంపూ ఆదుకొనును. ఆ మూడును తిరిగి చేకూరిన నాడు కుంకుడుకాయలు కొట్టి నానవేయుడు. మంచములోని వారికి లేచి కూర్చుండు ఓపిక వచ్చిన తొలి దినమున, వైద్యుని అనుమతితో, మొదట చేయింపవలసినది ఆ తలంటే.