పెట్రోలు ట్యాంకు మూతకు క్రొత్త వాషరు
(ఉపన్యాస పాఠము)



మన గ్రామములలో పాత మోటారు సైకిళ్ళు ఇప్పటికిని కష్టపడి పనిచేయుచునే యున్నవి. 1955లో మద్రాసున బుల్లెట్టు బండ్ల తయారీ ఆరంభమైనది. పిదప రాజ్‌దూత్, ఎజ్డీ బండ్లు వచ్చినవి. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చినది. పాల బిందెలు మోయుటకు, ఎరువుల బస్తా తెచ్చుకొనుటకు, రాత్రివేళ రోగిని పట్టణమునకు చేర్చుటకు నేటికిని ఇట్టి బండ్లే దిక్కైన ఇండ్లు కలవు. ఈ బండ్ల యజమానులు ఇంజనును చూచెదరు, గొలుసును చూచెదరు, టైర్లను చూచెదరు. పెట్రోలు ట్యాంకు మూత క్రింద నుండు రబ్బరు వాషరును మాత్రము చూచువారు తక్కువ. ఈనాడు దానిని గురించియే మనవి చేయదలచితిని.

ఆ వాషరు చేయు పనులు రెండు. లోపలి పెట్రోలును, దాని ఆవిరిని బయటకు పోనీయకుండుట మొదటిది. బయటి వాన నీటిని, దుమ్మును లోనికి రానీయకుండుట రెండవది. ఏండ్ల తరబడి ఎండకు, పెట్రోలుకు గురియైన రబ్బరు గట్టిపడును, పగులును, అణగిపోవును. కొన్ని పాత బండ్లలో కార్కు వాషరు ఉండును. అదియు ఎండి పొడి పొడిగా రాలును.

ఇందు మరియొక విశేషము కలదు. 2023 ఫిబ్రవరి నుండి మన దేశమున నూటికి 20 పాళ్ళు ఎథనాలు కలిసిన పెట్రోలును అమ్మసాగిరి. 2025 నాటికి అది దేశమంతటను వ్యాపించినది. పాత బండ్ల రబ్బరు భాగములు ఇట్టి ఇంధనమును దృష్టియందుంచుకొని చేసినవి కావు. కావున పూర్వము చాలకాలము మన్నిన వాషరు ఇప్పుడు త్వరగా ఉబ్బుటయో, పగులుటయో సంభవించును.

వాషరు చెడిన గుర్తులు తెలిసికొనుట సులభము. ట్యాంకు నింపిన దినమున బ్రేకు వేయగనే మూత చుట్టును తడి కనబడును. బండిని ప్రక్కకు వంచి నిలిపిన యెడల మూత అంచున పెట్రోలు కారును. రాజ్‌దూత్ వంటి బండ్లలో పెట్రోలులో నూనె కలుపుదురు గనుక, పెట్రోలు ఆవిరియై పోయినను జిడ్డు మిగిలి దుమ్ము పట్టును. తెల్లవారి తలుపు తీయగనే ఇల్లంతయు పెట్రోలు వాసన కొట్టును. వాన కురిసిన మరునాడు ఇంజను ఆగి ఆగి నడచును.

సందేహమున్న యెడల చిన్న పరీక్ష చేయవచ్చును. సన్నని కాగితపు ముక్కను ట్యాంకు నోటి అంచుపై నుంచి మూత బిగించి, మెల్లగా లాగి చూడుడు. ఇట్లు నాలుగు వైపులను చూడవలెను. కాగితము బిగువుగా నున్నచో మేలు. ఎక్కడ సులభముగా జారివచ్చునో అక్కడ వాషరు పట్టుట లేదని తెలియవలెను.

ఇంత చిన్న వస్తువును గురించి ఇంత ఏల అని మీరు అడుగవచ్చును. పెట్రోలు ట్యాంకు ఇంజనుకు సరిగా పైన నుండును. కారిన పెట్రోలు వేడెక్కిన ఇంజను మీదికి, ప్లగ్గు తీగ మీదికి దిగును. ఆ ట్యాంకు మీదనే మనము పసిబిడ్డలను కూర్చుండబెట్టు వాడుక కలదు. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. దొంగల భయముచే పలువురు రాత్రివేళ బండిని వసారాలోనో, నడవలోనో పెట్టుకొందురు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు రెట్లకు పైగా బరువైనది. అది పైకి పోక నేల వెంబడి ప్రాకును. దూరమున నున్న పొయ్యినో, దీపమునో చేరి అంటుకొనగలదు. కిరసనాయిలు వలె కాక, శీతకాలపు తెల్లవారుజామున సైతము పెట్రోలు ఆవిరి నిప్పందుకొనును. బండిని ఇంటిలో పెట్టుకొనువారు ఈ మాటను మరువరాదు.

ఇక వాషరు మార్చు విధానము. ట్యాంకు సగమునకు మించి నిండియుండని దినము చూచుకొనుడు. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, పగటి వెలుతురులో, ఆరుబయట ఈ పని చేయవలెను. దగ్గర పొయ్యి గాని, బీడీ గాని, ఆడుకొను పిల్లలు గాని ఉండరాదు.

మూత తీసిన వెంటనే ట్యాంకు నోటిని శుభ్రమైన గుడ్డతో కప్పుడు. పాత వాషరును వెదురు పుల్లతో మెల్లగా పైకి లేపి తీయుడు. పదునైన ఇనుప పనిముట్టు వాడిన యెడల వాషరు కూర్చుండు చోట గీతలు పడి, క్రొత్తది వేసినను కారును. ముక్కలైన వాషరులో ఒక్క తునకయు ట్యాంకులో పడరాదు. పడినచో అది పెట్రోలు కొళాయికి అడ్డుపడును. మూత లోపలి భాగమును, ట్యాంకు నోటి అంచును గుడ్డతో తుడిచి, త్రుప్పు పొడి లోనికి రాలకుండ జాగ్రత్త పడుడు.

పాత వాషరును దుకాణమునకు తీసికొనిపోయి, బయటి కొలత, లోపలి కొలత, మందము మూడును సరిచూచి క్రొత్తది కొనవలెను. పెట్రోలుకు తాళునట్టి నైట్రైల్ రబ్బరు వాషరునే అడుగుడు. సైకిలు ట్యూబును కత్తిరించి వేయుట కొందరి అలవాటు. ఆ రబ్బరు పెట్రోలులో ఉబ్బి, మెత్తబడి, తునకలై కార్బురేటరును చేరును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనినట్లు, కొద్దిపాటి పైకము మిగుల్చుకొనబోయి ఇంజను విప్పించుకొనవలసివచ్చును.

క్రొత్త వాషరును మెలిపడకుండ, చుట్టును సమముగా కూర్చుండునట్లు అమర్చుడు. గ్రీజు గాని, జిగురు గాని పూయవలదు. అవి పెట్రోలులో కరిగి లోనికి దిగవచ్చును. మూత కొంచెము బిగువుగా మూసికొనుట సహజమే. సుత్తితో కొట్టినగాని మూసికొననిచో వాషరు మందము ఎక్కువైనదని గ్రహించి మార్చుకొనవలెను.

మూతకు సన్నని గాలి రంధ్రము ఒకటి ఉండును. పెట్రోలు ఖర్చైన కొలదియు ఆ స్థానమున గాలి చేరవలెను. లేనిచో పెట్రోలు క్రిందికి దిగదు. పెట్రోలు కారుచున్నదని ఆ రంధ్రమును సబ్బుతోనో, మైనముతోనో మూయువారున్నారు. అట్లు చేసిన బండి కొంతదూరము నడచి ఆగిపోవును. మూత తీయగనే గాలి పీల్చిన చప్పుడు వినబడినచో అదియే కారణము. రంధ్రమున దుమ్మున్న యెడల, మూతను విడిగా పట్టుకొని సైకిలు పంపుతో ఊదుడు. మూత గాలిని పీల్చవలెను, పెట్రోలును విడువరాదు.

ఇంతకుమునుపే వాన నీరు లోనికి దిగియున్నచో వాషరు మార్చినంత మాత్రమున చాలదు. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగున చేరి ట్యాంకును త్రుప్పు పట్టించును. ఎథనాలు కలిసిన పెట్రోలులో నీరు ఎక్కువైనచో, ఎథనాలు నీటితో కలిసి అడుగున వేరు పొరగా నిలుచును. అట్టి సందేహము కలిగిన మెకానిక్కుచే ట్యాంకును, కార్బురేటరు గిన్నెను శుభ్రపరపించుకొనుట యుక్తము. తీసిన పెట్రోలును మురుగు కాలువలో గాని, బావి దగ్గర గాని పారబోయరాదు.

పని ముగిసిన పిమ్మట మూతను పొడిగా తుడిచి, మరల కాగితముతో పరీక్షించి, ఊరిచుట్టు ఒకసారి నడిపి చూడుడు. మూత చుట్టును తడి లేక, బండి ఆగక నడచినచో పని చక్కగా జరిగినట్లే. అటుపిమ్మట ప్రతి సంవత్సరము తొలకరికి ముందు, నాగలిని, గొడుగును సరిచూచుకొనునట్లే ఈ వాషరునుగూడ ఒకమారు చూచుకొనుడు. బండిని ఇంటిలో పెట్టుకొను ప్రతి కుటుంబమునకును ఇది అవశ్యము.