గోడలు యజమానివి, గడప కాపురమున్నవారిది

(పటాన్‌చెరులో అద్దె కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో మన జీవితాలు షిఫ్టుల ప్రకారం నడుస్తాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికుడు పగలు నిద్రిస్తాడు. పగటి షిఫ్టుకు వెళ్లినవారి ఇంట్లో ఇల్లాలు, ఆడపిల్లలు మాత్రమే ఉంటారు. అటువంటి ఇంటి తలుపును యజమాని తన వద్దనున్న రెండో తాళంచెవితో తెరిచి లోపలికి వస్తే, అది చిన్న విషయమని ఎలా అనగలం? నల్లా చూడాలని, కొత్తవారికి గది చూపించాలని కారణాలు చెబుతారు. అద్దె ఆలస్యమైతే మన తాళం మీద మరో తాళం వేసేవారూ ఉన్నారు.

ఇవన్నీ మనం సహించి ఊరుకుంటున్నాం. కారణం అందరికీ తెలిసినదే. ‘మీవాళ్లకు ఇల్లు ఇవ్వం’ అని ముఖం మీదే చెప్పే వీధులున్నాయి. మతం పేరిట ఇల్లు నిరాకరించే ప్రైవేటు యజమానిని శిక్షించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అందుచేత దొరికిన ఇల్లు ఎక్కడ చేజారుతుందోనని నోరు మెదపడం లేదు. అయితే తలదాచుకునే చోటు కోసం ఇంటి మర్యాదను వదులుకోవలసిన అగత్యం లేదు. ఆ సంగతి చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలిచాం.

దివ్య ఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా 27, 28 ఆయతులు ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొంది, సలాం చెప్పి ప్రవేశించాలని, తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలని ఆదేశిస్తున్నాయి. అద్దెకిచ్చిన ఇల్లు ఆ గడువు వరకు అందులో కాపురమున్నవారి నివాసమే. కనుక ఈ మర్యాద అక్కడా వర్తిస్తుందని మేము భావిస్తున్నాం.

న్యాయస్థానాల ఆలోచన కూడా ఇదే దిశలో సాగింది. స్టాంపు పత్రాల తనిఖీ పేరిట బ్యాంకులు మొదలైన చోట్లలో ప్రవేశించేందుకు వీలు కల్పించిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన ఆ కేసులో, గోప్యత మనుషులకు చెందినదే తప్ప స్థలాలకు కాదన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది.

ఈ తీర్పులు ప్రధానంగా ప్రభుత్వాధికారానికి హద్దు గీశాయి. ఇంటి యజమాని విషయంలో మనకు ఆధారం మామూలు చట్టాలే. అద్దె చెల్లిస్తూ, షరతులు పాటిస్తున్నవారు గడువు వరకు ఆటంకం లేకుండా ఉండవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. చట్ట ప్రకారం కాక బలవంతంగా ఖాళీ చేయిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చు. భయపెట్టడానికో, అవమానించడానికో ఇంట్లో చొరబడితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరమవుతుంది.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరింత స్పష్టంగా ఉంది. యజమాని కారణం తెలుపుతూ 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్యనే రావాలి. రాష్ట్రం స్వీకరిస్తేనే అది చట్టంగా అమలవుతుంది. కానీ అదే నియమాన్ని ఇరుపక్షాలూ అంగీకరించి పదకొండు నెలల ఒప్పందంలో రాసుకోవచ్చు.

ఆ ఒప్పందంలో నాలుగు మాటలు చేర్చండి. తాళంచెవులు ఎన్ని, ఎవరి వద్ద ఉన్నాయో రాయండి. ఒకరోజు ముందు చెప్పి, పెద్దవారు ఇంట్లో ఉన్నప్పుడే రావాలని రాయండి. తాళం మన ఖర్చుతో మార్చుకోవచ్చని, ఖాళీ చేసేనాడు పాత తాళం తిరిగి బిగించి ఇస్తామని రాయండి. అగ్నిప్రమాదం, గ్యాసు లీకు వంటి ఆపదల్లో తలుపు తెరవవచ్చని, వెంటనే మనకు తెలపాలని కూడా రాయండి. యజమానికి తన ఇంటిపట్ల ఉండే ఆందోళన న్యాయమైనదే, దానికీ చోటివ్వాలి.

నోటిమాట మీదనే ఉంటున్నవారు అద్దె చెల్లింపు రుజువులను, ఫోను సందేశాలను భద్రపరచుకోవాలి. యజమాని అనుమతితో తలుపు లోపలివైపు గట్టి గడియ పెట్టించుకోవాలి. రెండో తాళంచెవి బయటి తాళాన్ని తెరవగలదు గాని లోపలి గడియను తీయలేదు.

వకీలుకు డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

చివరిగా ఒక విన్నపం. మనలోనూ గదులు అద్దెకిచ్చేవారున్నారు. బీహార్, ఒడిశాల నుండి వచ్చిన కార్మికులు మన గదుల్లో ఉంటున్నారు. వారి మతం ఏదైనా వారి గడపకూ అదే మర్యాద ఉంది. మనం కోరే హక్కును ముందుగా మన అద్దెదారులకు ఇద్దాం. రెండో తాళంచెవిని ఈ సాయంత్రమే వారి చేతికి అప్పగిద్దాం. అప్పుడు ఇతరులను అడిగే మన గొంతుకు బలం వస్తుంది.

వస్సలాం.